ఇటలీలో పిజ్జా, న్యోకీ: ఎక్కడ తినాలి, ఏది అడగాలి, ఎలా తినాలి

నేపుల్స్ పిజ్జా పొయ్యిలో ఉండేది ఒకటిన్నర నిమిషం లోపే. బంగాళాదుంప న్యోకీ, అంటే ఉడికిన దుంపలో పిండి కలిపి చేసే చిన్న ఉండలు, మరిగే నీళ్లలో ఉండేదీ దాదాపు అంతే. ఎంత త్వరగా తయారవుతాయో అంత త్వరగా పాడవుతాయి కూడా. చల్లారిన పిజ్జా తోలులా సాగుతుంది, చల్లారిన న్యోకీ ముద్దకడుతుంది. అందుకే ఇటలీ వెళ్లి వీటిని బాగా తినాలంటే సగం పని సరైన చోటు ఎంచుకోవడంలో, మిగతా సగం పళ్లెం ముందుకు రాగానే ఫోన్ పక్కన పెట్టడంలో ఉంది.

రెండిటికీ ఒకే హోటల్ వెతకకండి. పిజ్జాకు పిజ్జెరియా, న్యోకీకి ట్రాటోరియా లేదా ఒస్తెరియా, అంటే ఇంటివంట తరహా చిన్న భోజనశాలలు. పిజ్జా చేసేవాడికి కావలసింది బాగా కాగిన పొయ్యి, ముందురోజు నుంచి పులుస్తున్న పిండి. న్యోకీ చేసేవాళ్లకు కావలసింది పొద్దున్నే దుంపలు ఉడకబెట్టి, వేడిమీదే చిదిమి, చేత్తో కలిపే ఓపిక. ఈ రెండూ ఒకే వంటగదిలో సమానంగా కుదిరిన చోట్లు తక్కువే. మెనూలో నలభై రకాల పిజ్జాలు, ఇరవై రకాల పాస్తాలు, వాటి పక్కన ఫొటోలు, ఐదారు భాషల్లో పేర్లు, గుమ్మం దగ్గర చేయి పట్టి పిలిచే మనిషి ఉంటే దాటి ముందుకు నడవండి. మెనూలో కొన్ని పేర్ల పక్కన చిన్న చుక్కగుర్తు, కింద 'సుర్జెలాతో' అన్న మాట ఉంటే ఆ సరుకు ఫ్రీజర్‌లోంచి వచ్చిందని అర్థం. న్యోకీ పక్కన ఆ గుర్తు ఉంటే ఆ పూట ఇంకేదైనా తినండి.

వేళలు కూడా చూసుకోవాలి. మధ్యాహ్నం భోజనం సుమారు 12:30 నుంచి 2:30 వరకు, రాత్రి భోజనం 7:30 తర్వాతే. మధ్యలో వంటగదులు చాలావరకు మూసేస్తారు. కట్టెల పొయ్యి ఉన్న పిజ్జెరియాలు, ముఖ్యంగా రోమ్‌లో, చాలాచోట్ల రాత్రిపూటే పిజ్జా వేస్తాయి. సాయంత్రం తెరవగానే వెళ్లడం మంచిది. పొయ్యి నేల అప్పుడు పూర్తి వేడి మీద ఉంటుంది. తొమ్మిదింటి రద్దీలో ఒకదాని వెనక ఒకటి పిజ్జాలు దించుతుంటే ఆ నేల చల్లబడి, అడుగు పాలిపోయిన పిజ్జాలు రావడం మొదలవుతుంది. శుక్ర, శనివారాల్లో ముందే ఫోన్ చేసి చోటు చెప్పుకోవాలి. లోపలికి వెళ్లాక ఖాళీ బల్ల కనిపించింది కదా అని కూర్చోకూడదు. ఎంతమందో చెప్పి, చూపించిన చోట కూర్చోవాలి. నేపుల్స్‌లో పేరున్న చోట్ల నంబరు చీటీ తీసుకుని వీధిలోనే నిలబడాలి.

ఏ ఊళ్లో ఏ పిజ్జా

నేపుల్స్ పిజ్జాకు లెక్కలున్నాయి. అక్కడి పిజ్జా తయారీదారుల సంఘం 1984లో మొదలై నియమాలు రాసుకుంది. 2010లో యూరోపియన్ యూనియన్ దాన్ని సంప్రదాయ వంటకంగా నమోదు చేసింది. 2017లో ఈ పనితనానికి యునెస్కో గుర్తింపు వచ్చింది. పిండిలో మైదాలాంటి మెత్తటి గోధుమపిండి, నీళ్లు, ఉప్పు, ఈస్ట్ తప్ప నూనె, పంచదార ఉండవు. వ్యాసం 35 సెంటీమీటర్లు దాటదు. చుట్టూ ఉబ్బిన అంచు, అక్కడివాళ్ల మాటలో కొర్నిచోనే, ఒకటి రెండు సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. పొయ్యి వేడి 430 నుంచి 485 డిగ్రీలు, కాలే సమయం 60 నుంచి 90 సెకన్లు. ఇంత వేడిలో ఇంత తక్కువసేపు కాల్చడానికి కారణముంది: పైన రంగు వచ్చేలోపు లోపలి తడి ఆరిపోదు. అంచు మీద నల్లటి మచ్చలు పడతాయి, లోపల మెత్తగా ఉంటుంది, నడిమధ్య జారుడుగా ఉంటుంది.

ఆ తడి నడుమ చూసి ఉడకలేదని చాలామంది వెనక్కి పంపిస్తారు. అది దాని స్వభావం. నిజంగా ఉడకనిదాన్ని పట్టుకోవాలంటే అంచు ఎత్తి అడుగు చూడండి. అడుగున గోధుమరంగు మచ్చలుండాలి. తెల్లగా ఉండి, కొరికితే పళ్లకు అంటుకుంటూ పచ్చిపిండి వాసన వస్తే అప్పుడు చెప్పండి, మార్చి ఇస్తారు. అడుగంతా మసిలా నల్లబడి చేదెక్కితే అదీ తప్పే, పొయ్యి నేల మీద మాడిన పిండిని ఊడ్చలేదన్నమాట. అంచు మీది నాలుగు మచ్చలు మాత్రం రుచిలో భాగం, గీకి పారెయ్యకండి.

రోమ్ పిజ్జా తీరు వేరు. పిండిలో నూనె కలుస్తుంది, కర్రతో పలచగా ఒత్తుతారు, తక్కువ వేడిలో ఎక్కువసేపు కాలుస్తారు. అంచు ఉబ్బదు, కత్తి పెడితే కరకరమంటుంది. పైన ఎక్కువ సరుకు ఉన్న పిజ్జా కావాలంటే ఇదే నయం, నేపుల్స్ పిజ్జా మధ్యభాగం అంత బరువు మోయలేదు.

రోమ్‌లోనే మరో రకం ఉంది, 'పిజ్జా అల్ తాల్యో'. పెద్ద రేకుల్లో కాల్చి, ముక్క కోసి తూకానికి అమ్ముతారు. కత్తి ఎక్కడ పెట్టాలో మీరే చేత్తో చూపించాలి. కోసి, తూచి, కావాలంటే వేడి చేసి ఇస్తారు. పలకల మీద ఉండేది ఎక్కువగా కిలో ధర, కొన్నిచోట్ల వంద గ్రాములది. ఆ వంద గ్రాములను 'ఎత్తో' అంటారు. ఒక పూటకు 250 నుంచి 300 గ్రాములు సరిపోతాయి. రెండు మూడు రకాలు చిన్న ముక్కలుగా తీసుకోవచ్చు. మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో వెళ్తే రేకులు అప్పుడే పొయ్యిలోంచి వస్తుంటాయి. నాలుగింటికి మిగిలేవి పొద్దుటివి.

మెనూ చదవడం

మొదటిసారి వెళ్లిన చోట మార్గెరీటా లేదా మరినారా అడగండి. టమాటా, చీజ్, తులసిని పోలిన బాసిల్ ఆకులు, నూనె: ఇంతే మార్గెరీటా. మరినారాలో చీజ్ కూడా ఉండదు, టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె మాత్రమే. పేరు వినగానే చేపలుంటాయనుకుంటారు, ఉండవు. పైన దాచుకోవడానికి ఏమీ లేనప్పుడే పిండి ఎలాంటిదో, టమాటా ఎలాంటిదో తెలుస్తుంది. 1870లో మొదలైన నేపుల్స్ పిజ్జెరియా 'ద మిఖేలే' ప్రధానంగా ఈ రెండు రకాల మీదే పేరు తెచ్చుకుంది.

చీజ్ దగ్గర ఒక ఎంపిక ఉంటుంది. ఆవుపాల మొజరెల్లాను 'ఫియోర్ ది లాత్తే' అంటారు, గేదెపాలది 'బూఫలా'. బూఫలాకు ధర ఎక్కువ కాబట్టి అదే మేలనుకోవడం పొరపాటు. అందులో నీరు ఎక్కువ, సరిగా వడకట్టకుండా పొయ్యిలో పెడితే పిజ్జా మధ్యలో చెరువు కడుతుంది. కాలిన పిజ్జాకు ఫియోర్ ది లాత్తే చాలు. బూఫలా రుచే కావాలంటే పొయ్యిలోంచి తీశాక పైన పెట్టమనండి: 'బూఫలా అల్లుషీతా'.

'పెపెరోనీ' అని అడిగితే వచ్చేవి క్యాప్సికమ్ ముక్కలు. శాకాహారులకు ఇది శుభవార్త, మిగతావాళ్లు కాసేపు పళ్లెం వైపు చూస్తూ ఉండిపోతారు. కారంగా ఉండే పంది సాసేజ్ చక్రాలు కావాలంటే 'సలామే పిక్కాంతే' అనాలి, ఆ పిజ్జా పేరు ఎక్కువగా 'దియావోలా'. 'ప్రొషూత్తో కొత్తో' ఉడికించిన పందిమాంసం, 'క్రూదో' ఉప్పులో ఆరబెట్టింది. 'కప్రిచ్చోసా', 'క్వాత్రో స్తజోనీ' రెండిట్లోనూ మామూలుగా పందిమాంసం ఉంటుంది. 'అచ్చూగే', 'అలీచీ' అంటే ఉప్పు చేపలు. అవి వేసిన పిజ్జాను రోమ్‌లో 'నాపొలి' అంటారు, నేపుల్స్‌లోనేమో 'రొమానా' అంటారు. ఒకరి మీదికి ఒకరు తోసుకున్నారు! 'బ్రెజావొలా' ఆరబెట్టిన గొడ్డుమాంసం. 'బియాంకా' అన్నచోట టమాటా ఉండదు.

కూరగాయల పిజ్జా పేరు 'ఒర్తొలానా'. శాకాహారులు 'సెంత్సా కార్నే', అంటే మాంసం లేకుండా, అని మాత్రమే చెబితే చేపో, పలచటి హామ్ పొరో రావచ్చు. 'సోనో వెజెతరియానో' (ఆడవారైతే వెజెతరియానా), 'నే కార్నే నే పెషే' అని రెండూ చెప్పాలి. చీజ్ విషయంలోనూ పట్టింపు ఉంటే ఒకటి తెలియాలి. పర్మిజానో రెజ్జానో, పెకొరీనో రొమానో, కంపానియా బూఫలా మొజరెల్లా, ఈ మూడిటినీ దూడ లేదా గొర్రెపిల్ల పొట్టలోంచి తీసిన రెన్నెట్ అనే పదార్థంతోనే పాలు విరగ్గొట్టి చేస్తారు. అలాంటివారికి నిశ్చింతగా తినదగినది మరినారా. నేపుల్స్ వీధుల్లో కనిపించే 'పిజ్జా ఫ్రిత్తా', నూనెలో వేయించిన పొంగు పిజ్జా, బయటికి అమాయకంగానే ఉంటుంది, లోపల రికోత్తా అనే మెత్తటి చీజ్‌తో పాటు 'చీకొలి' అనే వేపిన పందికొవ్వు ముక్కలుంటాయి. పాత రకం 'మస్తునికోలా'లో చీజ్, బాసిల్‌తో పాటు పందికొవ్వు రాస్తారు.

అలర్జీలున్నవాళ్లు మొహమాటపడనక్కర్లేదు. యూరోపియన్ యూనియన్ నియమాల ప్రకారం 14 రకాల అలర్జీ పదార్థాల వివరం హోటల్ చెప్పి తీరాలి. 'లిస్తా దెల్యి అల్లెర్జెని' అని అడగండి. గోధుమలోని గ్లూటెన్ పడనివారు 'సెంత్సా గ్లూతినే' అన్న మాటతో ఆగకుండా, పొయ్యి, బల్ల విడిగా ఉన్నాయో లేదో కూడా కనుక్కోవాలి. పిజ్జెరియా గాలిలోనే పిండి ఎగురుతుంటుంది.

పిజ్జా ముందుకు వచ్చాక

తలకొక పిజ్జా, ఇదే లెక్క. ముక్కలు కోసి తేరు, కత్తి, ఫోర్క్ ఇస్తారు. మధ్యలోంచి కోసి నాలుగు భాగాలు చేసుకోండి, కానీ నాలుగూ ఒకేసారి కోసెయ్యకండి. కోసిన చోటల్లా టమాటా రసం కిందికి దిగి అడుగు నానుతుంది. ఒక త్రికోణం కోసి, దాని మొనను ఫోర్క్‌తో లోపలికి మడిచి, అంచు పట్టుకుని చేత్తో తినొచ్చు. మొత్తం ఫోర్క్‌తోనే తిన్నా ఎవరూ నవ్వరు. మొన నుంచి మొదలుపెట్టి అంచుకు రావాలి. నడిమి భాగం త్వరగా నానిపోతుంది, అంచు ఆగుతుంది. మొదటి ముక్కకు ఒక అరనిమిషం చాలు, అంతకన్నా ఆరనివ్వకండి. పది, పన్నెండు నిమిషాల్లో పూర్తిచేసేలా తినండి. నలుగురు నాలుగు పిజ్జాలు చెప్పినప్పుడు అన్నీ ఒకేసారి రాకపోవచ్చు. ముందు పిజ్జా వచ్చినవాళ్లు తినడం మొదలుపెట్టడమే అక్కడ మర్యాద.

వీధిలో తినేది వేరే, 'ఆ పోర్తఫోల్యో'. కాస్త చిన్న పిజ్జాను నాలుగు మడతలు పెట్టి కాగితంలో ఇస్తారు. కాగితంతోనే పట్టుకుని, కొద్దిగా ముందుకు వంగి తినాలి. వంగకపోతే వేడి నూనె చొక్కా మీద పడుతుంది.

కారం కావాలంటే 'ఓలియో పిక్కాంతే' అడగండి, మిరప నూనె సీసా తెస్తారు. పుట్టగొడుగులో, ఇంకొకటో అదనంగా వేయించుకోవచ్చు, దానికి యూరో, రెండు యూరోలు కలుస్తాయి. సగం ఒక రకం, సగం ఇంకో రకం కొందరు చేస్తారు, కొందరు చెయ్యరు. కాదంటే వాదించకండి.

న్యోకీ

మెనూలో న్యోకీ ఉండేది 'ప్రీమి' కింద, పాస్తాల పక్కన. దాని తర్వాత 'సెకొంది', అంటే మాంసం, చేప వంటకాలు. వరుస మొత్తం తినాలన్న నియమం లేదు, న్యోకీ ఒక్కటే తిని లేవొచ్చు. ఒక వడ్డన సుమారు 200 గ్రాములు. చూడటానికి తక్కువే, కానీ దుంప, చీజ్ కలిస్తే కడుపు బరువెక్కుతుంది. ఇద్దరు వెళ్తే ఒకరు న్యోకీ, ఒకరు ఇంకో పాస్తా చెప్పి మధ్యలో మార్చుకోవడం మా సలహా.

మంచి న్యోకీ ఎలా ఉంటుందో తెలియాలంటే ఎలా చేస్తారో తెలియాలి. నీరు తక్కువున్న పాత దుంపలు కిలో, పిండి 200 నుంచి 300 గ్రాములు, ఉప్పు, కొందరు ఒక గుడ్డు. దుంపలు తొక్కతోనే ఉడకబెట్టి, వేడిగా ఉండగానే చిదిమి, ఆవిరి పోనిచ్చి, పిండి చల్లి, కలిసీ కలవగానే ఆపెయ్యాలి. ఎక్కువ పిసికితే గోధుమపిండిలోని గ్లూటెన్ బిగుస్తుంది, దుంపలోని గంజి జిగురవుతుంది. తడి దుంపలు వాడితే ముద్ద చేతికి అంటుకుంటుంది, ఇంకా పిండి పొయ్యాల్సి వస్తుంది, అప్పుడది రబ్బరు. కలిపిన ముద్దను గంటలకొద్దీ ఉంచినా నీరు ఊరి ఇదే గతి. అందుకే పొద్దున చేసి మధ్యాహ్నానికి అమ్ముడయ్యే చోటే న్యోకీ బాగుంటుంది.

తినేటప్పుడు పరీక్ష ఇది. ఫోర్క్ అంచుతో ఒకదాన్ని నొక్కండి. అడ్డులేకుండా తెగాలి, తెగాక ఆకారం నిలవాలి. నొక్కితే తిరిగి పైకి లేస్తే పిండి ఎక్కువైంది లేదా ప్యాకెట్‌ది. నొక్కకముందే చితికి సాస్‌లో కలిసిపోతే దుంపలు తడివి, లేదా నీళ్లలో ఎక్కువసేపు ఉంచారు. న్యోకీ తేలగానే తీసెయ్యాలి. అన్నీ ఒకే కొలతలో, ఒకే గీతలతో ఉంటే యంత్రం పని. చేతితో చేసినవి కాస్త వంకరగా ఉంటాయి. వాటి ఒక వైపు గుంట, మరో వైపు గీతలు అందానికి కాదు, సాస్ పట్టి నిలవడానికి. అడగడం సులువు: 'సోనో ఫాత్తి ఇన్ కాజా?' ఇక్కడే చేశారా అని. ఇక్కడే చేసేవాళ్లు ఆ ప్రశ్నకు సంతోషిస్తారు, కానివాళ్లు మెనూ వైపు చూస్తారు.

సాస్ ఎంపికలో ఒక కిటుకు. న్యోకీ పనితనం తెలుసుకోవాలంటే 'బుర్రో ఎ సాల్వియా' చెప్పండి, కరిగిన వెన్న, సేజ్ ఆకులు మాత్రమే. అందులో న్యోకీ బాగుంటే ఆ ఇంట్లో ఏదైనా బాగుంటుంది. తర్వాతి స్థానం ఉత్తి టమాటా సాస్‌ది. 'అల్లా సొర్రెంతీనా' నేపుల్స్ చుట్టుపక్కల ప్రసిద్ధం. టమాటా, మొజరెల్లా, బాసిల్‌తో కలిపి ఓవెన్‌లో పెడతారు, చాలాచోట్ల మట్టిమూకుడులోనే తెస్తారు. రుచికరమే, కానీ కరిగిన చీజ్ కింద నాసిరకం న్యోకీ కూడా దాక్కోగలదు. ఇక్కడ పిజ్జాకు చెప్పినదానికి తిరుగుడు: వెంటనే తినకూడదు. మట్టిపాత్ర వేడి వదలదు, లోపలి టమాటా నాలుక కాలుస్తుంది. మూడు నాలుగు నిమిషాలు ఆగి, అడుగు నుంచి కలిపి తినండి. ఉత్తరాదిన గొర్గొంజోలా, ఫొంతీనా, పీద్‌మోంత్‌లోనైతే కస్తెల్‌మాన్యో చీజ్ సాస్‌లు దొరుకుతాయి. ఘాటు, ఉప్పు ఎక్కువ, సగం వడ్డన చాలు. 'రగూ' అంటే మాంసం సాస్, గొడ్డు, పంది రెండూ ఉండొచ్చు. వెరోనాలో 'పస్తిస్సాదా దె కవాల్' అని కనిపిస్తే అది గుర్రపు మాంసం కూర.

రోజు కూడా కలిసిరావాలి. రోమ్‌లో గురువారం న్యోకీ రోజు. శుక్రవారం మాంసం మానే ఆచారం ఉండేది కనుక ముందురోజు కడుపునిండా తినేవారు, తర్వాతి రోజుది చేప, శనివారం పశువు పొట్టభాగం కూర. పాత ట్రాటోరియాల్లో ఇప్పటికీ గురువారం మధ్యాహ్నమే తాజా న్యోకీ దిగుతుంది. వెరోనాలో కార్నివాల్ చివరి శుక్రవారం న్యోకీ పండుగే. 'పపా దెల్ న్యోకో' అనే పెద్దమనిషి ఫోర్క్ ఆకారపు దండంతో ఊరేగుతాడు.

ఒకే పేరుతో వేరే వంటకాలు ఉన్నాయి, వాటి దగ్గర జాగ్రత్త. 'న్యోకీ అల్లా రొమానా'లో దుంప ఉండదు, పాలల్లో ఉడికించిన రవ్వను బిళ్లలుగా కోసి వెన్న, చీజ్ వేసి ఓవెన్‌లో కాలుస్తారు. 'న్యొక్కెత్తి సార్ది' సార్డీనియా గట్టి పాస్తా. మోదెనా వైపు 'న్యొక్కో ఫ్రిత్తో' పొంగిన పిండిని కొవ్వులో వేయించేది. టస్కనీ 'న్యూదీ' రికోత్తా, పాలకూర ఉండలు, నోట్లో వేస్తే కరుగుతాయి. త్రియెస్తేలో ప్లమ్ పండు లోపల పెట్టి, వెన్నలో వేపిన బ్రెడ్ పొడి, దాల్చినచెక్క చల్లే న్యోకీ ఉంది, తీపి. తప్పకుండా తినదగినది అదే.

న్యోకీని కత్తితో కొయ్యరు, ఫోర్క్ చాలు. టమాటా, వెన్న సాస్‌ల మీద చీజ్ తురుము అడగొచ్చు, చేపల సాస్ మీద అడిగితే వడ్డించేవారి మొహం మారుతుంది. పళ్లెంలో మిగిలిన సాస్‌ను బ్రెడ్ ముక్కతో తుడిచి తినడాన్ని 'స్కర్పెత్తా చేయడం' అంటారు. మామూలు ట్రాటోరియాలో నిస్సంకోచంగా చేయండి.

నీళ్లు, బిల్లు

నీళ్లు సీసాలో వస్తాయి, డబ్బులిచ్చి కొనాలి: 'నతురాలే' మామూలువి, 'ఫ్రిజ్జాంతే' గ్యాస్‌వి. పిజ్జాతో బీరు అక్కడి అలవాటు.

బిల్లులో 'కొపెర్తో' అని తలకు యూరో నుంచి మూడు యూరోల దాకా ఉంటుంది. బల్ల, బ్రెడ్‌ల రుసుము అది, మోసం కాదు, కానీ మెనూలో ముందే రాసి ఉండాలి. రోమ్ ఉన్న లాత్సియో ప్రాంతంలో దాన్ని 2006 చట్టం నిషేధించింది. అందుకే అక్కడ బ్రెడ్‌కు విడిగా లెక్క వేస్తారు, వద్దంటే బుట్ట వెనక్కి పంపొచ్చు. 'సెర్విత్సియో' అన్న మాట కనిపిస్తే సేవా రుసుము కలిపేశారు. అది ఉంటే టిప్పు అనవసరం, లేకపోయినా తప్పనిసరి కాదు. బిల్లు అడిగితేనే తెస్తారు: 'ఇల్ కొంతో, పెర్ ఫవోరే'. రసీదు తీసుకోండి.

పిజ్జా మిగిలితే అట్టపెట్టెలో కట్టిస్తారు. మర్నాడు దాన్ని మైక్రోవేవ్‌లో పెట్టకండి. నూనె లేని పెనం మీద, చిన్న మంటన, ముందు మూత లేకుండా రెండు నిమిషాలు, తర్వాత మూతపెట్టి ఇంకో రెండు నిమిషాలు వేడి చేయండి. అడుగు కరకరలాడుతుంది, చీజ్ కరుగుతుంది. న్యోకీ మిగిలితే నీళ్లలో తిరిగి ఉడికించకూడదు, విడిపోతుంది. వెన్న వేసి పెనం మీద ఒక్కో వైపు ఎర్రబడేదాకా వేయించుకోండి.